నీలంలో పసుపు

ఆ సోమవారం పొద్దున ఫైలు తెరిస్తే, నేను రాసిన లైన్లు మా ఆయన రంగులో కనిపించాయి. నాకు ఒళ్ళు మండింది.

ఇంత చిన్నదానికి మండటమేమిటని మీరు అనుకోవచ్చు. మా ల్యాబ్ సంగతి తెలిస్తే అనుకోరు. కాజీపేటలో మేం చేసే పని రైల్వే గేట్లకు బుర్ర పెట్టడం. మనిషి కాపలా లేకుండా, రైలు వస్తుంటే తనంతట తానే పడి, రైలు పోయాక తనంతట తానే లేచే గేటు. అలాంటి గేటుకు ఒకే బుర్ర ఉంటే, ఆ బుర్రకు తోచని సంగతి ఇంకెవరికీ తోచదు. అందుకని ఒకే పనికి రెండు ప్రోగ్రాములు రాయిస్తారు. ఇద్దరు మనుషులు, రెండు గదుల్లో కూర్చుని, ఒకరి రాత ఒకరు చూడకుండా రాస్తారు. రెండు ప్రోగ్రాములూ సరే అంటేనే గేటు లేస్తుంది. ఒకటి సరే అని ఇంకొకటి కాదంటే గేటు కిందే ఉంటుంది, జనం హారన్లు కొట్టుకుంటూ తిట్టుకుంటారు, కానీ ఎవరూ చావరు. దీన్ని మేం రెండు బుర్రల నియమం అంటాం.

మా గేటుకు ఎ గదిలో రాసేది ఫణీంద్ర. బి గదిలో రాసేది నేను, హిమజ. ఫణి నా మొగుడు.

ఉద్యోగం ముందు, పెళ్ళి తర్వాత. పెళ్ళి సంగతి చెప్పినప్పుడు మా ల్యాబ్ పెద్ద జుబేదా మేడం చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుంది. తర్వాత మా ఇద్దరి చేతులూ పట్టుకుని, "షాదీ చేసుకోండి, ఖుషీగ ఉండండి. గేటు మాట మాత్రం మీ ఇంట్లకు రావొద్దు" అని మాట తీసుకుంది. ఎనిమిదేళ్ళయింది, ఆ మాట మేం తప్పలేదు. ల్యాబ్‌లో రెండు గదులకూ తలుపులు వేరు, టీ వేళలు వేరు. ఇంట్లో పొరపాటున ఎవరి నోట 'గేటు' అని వచ్చినా ఆ పూట గిన్నెలు వాళ్ళే తోమాలి. మొదటి ఏడాది ఫణి చాలా గిన్నెలు తోమాడు.

ఇక రంగుల సంగతి. మా ల్యాబ్ సొంతంగా చేసుకున్న ఎడిటర్ ఒకటుంది, పేరు నెమలి. ఏ ఎడిటరైనా కోడులో అంకెలకు ఒక రంగు, షరతులకు ఒక రంగు వేస్తుంది, చదవడానికి వీలుగా. నెమలి దాంతోపాటు ప్రతి లైను వెనకాల పలుచగా ఇంకో రంగు పూస్తుంది. అది రాసిన మనిషి రంగు. ఎవరు ఏ షరతు ముందు రాస్తారు, ఎక్కడ ఆగుతారు, ఏది కొట్టేసి మళ్ళీ ఏం రాస్తారు, ఇవన్నీ ఏళ్ళ తరబడి చూసి నేర్చుకుని, 'ఈ ఆలోచన ఫలానా వాళ్ళది' అని చెబుతుంది. కాపీ కొట్టినా, పక్కవాడిని అడిగి రాసినా పట్టేస్తుంది. మేం దాన్ని చేతిరంగు అంటాం. ఫణిది పసుపు, నాది నీలం. ఒక గేటు నిజంగా రెండు బుర్రలతో తయారైందని దానికి సంతకం పెట్టే పై కమిటీకి చూపించే సాక్ష్యం ఆ రంగులే.

అలాంటిది నా ఫైలులో పసుపు! ఫైలు మూసి తెరిచాను. నీలం. హమ్మయ్య అనుకుని మళ్ళీ మూసి తెరిచాను. పసుపు. పైగా కింద సగం ఫైలుకు మామూలు అక్షరాల రంగులు కూడా లేవు, అంతా ఉతికిన గుడ్డలాగా వెలవెలబోతోంది.

నెమలిని సాకేది ఓదెలన్న. మాది పక్కపక్క ఊళ్ళు కావడంతో నన్ను చెల్లె అంటాడు, ఆ వరసన ఫణిని బావా అని ఆటపట్టిస్తాడు. ఫోన్ చేస్తే చాయ్ గ్లాసుతో సహా వచ్చాడు.

"ఏమైంది చెల్లె, పొద్దుపొద్దుగాల గరం గరం ఉన్నవ్?"

"నీ నెమలి నా ఫైలుకు పసుపు పూసిందన్నా."

"మంచిదే గదా. ఇంటాయన పసుపు, ముత్తైదువ లక్షణం."

"అన్నా, చాయ్ మీద పోస్త."

"సరే సరే. బంద్ చేసి తెరిచినవా?"

"తెరిచిన. ఒకసారి నీలం, ఒకసారి పసుపు."

గ్లాసు పక్కన పెట్టి కూర్చున్నాడు. ముందు థీమ్ మార్చాడు. నల్ల తెర, తెల్ల తెర, రెండింటిలోనూ అదే వరస. నెమలి దాచిపెట్టుకున్న పాత క్యాష్ అంతా తుడిచేశాడు. నెమలికి తగిలించిన అదనపు సరంజామాలో సగం ఆపేసి చూశాడు, తర్వాత మిగతా సగం ఆపేసి చూశాడు. ఫైలు పేరు మార్చాడు. నా కంప్యూటర్‌లో కాకుండా తన కంప్యూటర్‌లో తెరిచాడు. అక్కడ కూడా ఒకసారి అలా, ఒకసారి ఇలా.

మధ్యాహ్నానికి ఒకటి దొరికింది. ఎప్పుడో నేను రాసుకున్న ఒక వ్యాఖ్యలో కోట్ గుర్తు తెరిచి మూయలేదు. ఆ గుర్తు దగ్గర నుంచి కిందిదంతా ఒకే మాట అనుకుని నెమలి రంగులు వేయడం మానేసింది. గుర్తు మూయగానే అక్షరాలన్నీ కళకళలాడాయి.

"అయిపాయె!" అని ఓదెలన్న కుర్చీలో వెనక్కి వాలాడు. "నీ తప్పు పెట్టుకుని నా నెమలిని తిడితివి."

నేను ఫైలు మూసి తెరిచాను. అక్షరాల రంగులు బాగున్నాయి. వాటి వెనకాల పసుపు.

ఓదెలన్న తల పట్టుకున్నాడు.

ఆ సాయంత్రమే జుబేదా మేడం పిలిచింది. గది తలుపు తనే మూసింది. అప్పుడే నాకు అర్థమైంది, ఇది చాయ్ కబుర్లకు పిలుపు కాదని.

"చూడు బేటా, కోపం చేసుకోకుండ విను. కమిటీ వాళ్ళ స్క్రీన్ మీద నీ ఫైల్ల ఫణి రంగు వచ్చింది. ఆయనది ఏమన్న చూసి రాసినవా?"

"ఆయన నాది చూసిండా అని ఆయనను అడిగిండ్రా మేడం?"

"ఆయన ఫైల్ల నీ రంగు రాలేదు. వస్తే అడుగుదును."

పదకొండేళ్ళుగా ఆ గదిలో నా బుర్ర పెట్టి నేను రాస్తున్నాను. రాత్రి పక్కన పడుకునే మనిషి బుర్ర అప్పు తెచ్చుకున్నానని అనుకుంటున్నారు. ఏడుపు, కోపం రెండూ ఒకేసారి వచ్చాయి. కోపాన్నే బయటికి రానిచ్చాను.

"నేను చూడలే. నెమలిల ఏదో ఉన్నది. ఓదెలన్న, నేను వెతుకుతున్నం."

"శుక్రవారం కమిటీ కూర్చుంటది. అప్పటిదాక దొరికితే సంతోషం. దొరక్కపోతే నిన్ను గేటు పని నుంచి తీసుడే. నా చేతిల ఉండదు బేటా." మేడం గొంతులో నిష్ఠూరం లేదు. అదే నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

ఇంటికి రోజూ ఇద్దరం ఒకే స్కూటర్ మీద పోతాం. కాలనీకి ముందు ఒక గేటు ఉంది, మేం చేసేలాంటిది కాదు, మనిషి కాపలా ఉన్న పాత గేటు. బొగ్గు గనికి పోయే ఖాళీ రైళ్ళు సరిగ్గా మేం ఇల్లు చేరే వేళకే ఆ దారిన పోతాయి. ఆ పట్టాల మీద రైళ్ళు పోవడమే గానీ రావడం ఉండదు, బొగ్గు నింపుకుని వేరే దారిన తిరిగి వస్తాయి. ఆ రోజూ ఎప్పటిలాగే ఆగాం. ఫణి కాలు కింద ఆనించి, హెల్మెట్ తీసి, వేయించిన పల్లీలు కొని నా చేతిలో పెట్టాడు. చివరి పెట్టె దాటగానే తను బటన్ నొక్కడం, నేను బ్యాగు భుజాన వేసుకోవడం, ఇద్దరం "పోయింది" అనడం ఒక్కసారే జరిగాయి. రోజూ అంతే.

ఇంట్లో తను పప్పుచారు పెట్టాడు, అచ్చం మా అమ్మ పెట్టినట్టు. ఫణిది గుంటూరు జిల్లా, పెళ్ళయిన కొత్తలో పప్పుచారులో చింతపండు ఎంత వేయాలన్నదాని మీద పెద్ద యుద్ధాలే జరిగాయి మాకు.

"మొహం అట్టా మాడ్చుకున్నావేంటి?" అన్నాడు గరిటె పట్టుకుని.

"ఏం లేదు."

"గిన్నెల సంగతా?" అంటే, ల్యాబ్ సంగతా అని.

"గట్లాంటిదే."

"గట్లనా," అన్నాడు తను కూడా నా యాసలో, అలవాటుగా. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"నీ మాట నువ్వు మాట్లాడరాదు? నా మాట నాకు ఉంచు."

గరిటె పట్టుకుని అలాగే చూశాడు. పాపం, ఏం తప్పు చేశాడని? కమిటీ తనను ఏమీ అడగలేదు, తనకు ఏ సంగతీ తెలియదు, నేను చెప్పకూడదు. కాసేపటికి నేనే పోయి అప్పడాలు వేయించాను.

ఫణి ఈ పనికి జీతం కోసం రాలేదు. వాళ్ళ ఊరి బయట కాపలా లేని గేటు మీద ట్రాక్టర్‌తో సహా వాళ్ళ పెదనాన్న పోయాడు. ఫణి అప్పుడు ఆ ట్రాక్టర్ దిగి చెరుకుగడ కోసం చేలోకి వెళ్ళాడు కాబట్టి బతికాడు. ఈ మాట పెళ్ళికి ముందు ఒక్కసారి చెప్పాడు, మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

బుధవారం ఓదెలన్న వేరే దారి పట్టాడు. "రంగు చూసుడు బంద్ చేద్దాం చెల్లె. రంగు వేసే ముందు నెమలి లోపల లెక్క వేస్తది గదా, ఆ లెక్కనే బయటికి తీస్త" అన్నాడు. చిన్న ముక్క రాసి నా ఫైలు మీద వదిలాడు. ప్రతి లైను పక్కనా రెండు అంకెలు వచ్చాయి. ఇది ఫణి ఆలోచన అనడానికి ఎంత, నా ఆలోచన అనడానికి ఎంత. చాలా లైన్ల దగ్గర నా అంకె బాగా పెద్దది. రంగు మారుతున్న లైన్ల దగ్గర మాత్రం రెండూ సమానం. వెంట్రుకవాసి తేడా లేదు.

"సగం సగం," అన్నాడు ఓదెలన్న. "సగం సగం వస్తే ఏం చేయాల్నో నేను రాయనే లేదు."

"మరి ఏం చేస్తున్నది?"

ఓదెలన్న కోడు పైకీ కిందికీ జరిపాడు. "ఎవరి రంగు ముందు లోడ్ అయితే వాళ్ళది పూస్తున్నది. నీ మిషన్ల రంగులు నెట్‌వర్క్ మీదికెళ్ళి వస్తయి, ఒకసారి నీది ముందొస్తది, ఒకసారి బావది. కమిటీ మిషన్ల వరస ఖాయం. ఎ గది ముందు, బి గది వెనక. అందుకే వాళ్ళకు ఎప్పుడూ పసుపే."

"అంటే నేను కాపీ కొట్టలే."

"కొడితే పసుపు పెద్దగ రావాలె గదా, సమానం ఎందుకొస్తది?"

నేను లేచి ఓదెలన్న వీపు మీద ఒక్కటి చరిచాను. రెండు రోజులుగా సరిగ్గా అన్నం దిగలేదు. కాంటీన్‌కి పోయి ఇద్దరికీ రెండేసి మిర్చిబజ్జీలు తెచ్చాను. అవి తింటూ నేనే అడిగాను, ఇంతకు ముందు లేనిది ఇప్పుడే ఎందుకొచ్చిందని.

"మొన్న అందరి చేతిరంగులు కొత్తగ నేర్పిన గదా. పాతది మీ పెళ్ళికి ముందటి రాతల మీద నేర్చింది. ఇప్పుడు ఈ మూడు నాలుగేండ్ల రాతలు పెట్టిన." ఓదెలన్న బజ్జీ మధ్యలో ఆగాడు. "చెల్లె, మరి బావ ఫైల్ల గూడ గిట్లనే ఉంటదా?"

ఎ గది ఫైలు నేను చూడకూడదు. ఓదెలన్న చూడొచ్చు, రంగుల మనిషికి ఏ గదీ అడ్డం లేదు. వెళ్ళి వచ్చాడు. వస్తూ వస్తూ నవ్వు ఆపుకుంటున్నాడు.

"ఆయనకు గూడ సగం సగం. కమిటీ మిషన్ల పసుపే ముందు గదా, అందుకే ఆయన ఫైలు కడిగిన ముత్యం తీరుగ కనబడ్డది. వరస తిప్పి చూస్తే ఆయన ఫైల్ల నీ నీలం బొచ్చెడు."

నేను పగలబడి నవ్వాను. నా మీద పడ్డ నిందకు సరిగ్గా సగం వాటాదారు నా మొగుడు! ఆయన బుర్రలోకి నేను వెళ్ళానో, నా బుర్రలోకి ఆయన వచ్చాడో నెమలి కూడా చెప్పలేకపోతోంది. ఎనిమిదేళ్ళ కాపురానికి ఇంతకంటే మంచి కితాబు ఎవరిస్తారు?

"ఇగో, ఇప్పుడే ఇది తీసేస్త," అన్నాడు ఓదెలన్న. "సమానం వస్తే ఫైలు ఎవరిదైతే వాళ్ళ రంగు వేయమని ఒక్క లైను. నీకు నింద పాయె, నాకు తలనొప్పి పాయె."

"రాయి అన్నా," అన్నాను.

రాశాడు. నా ఫైలు మూసి తెరిచాను, మళ్ళీ మూసి తెరిచాను. నీలం, నీలం, నీలం. రేపు పొద్దున్నే మేడంకు చెబుదామనుకున్నాం. బ్యాగు సర్దుకుంటూ, ఊరికే, తోచక అడిగాను.

"అన్నా, ఆయన ఫైల్ల ఏముందో చెప్పకు. ఏ పని కాడ సమానం వచ్చిందో అది ఒక్కటి చెప్పు."

"రైలు దాటిపోయిందని తేల్చే కాడ. నీకు గూడ ఆడనే గదా."

అవును, నాకు కూడా అక్కడే. సరే అని వచ్చేశాను.

గేటు దగ్గర స్కూటర్ ఆగింది. ఫణి పల్లీలు కొన్నాడు. ఖాళీ రైలు పోతోంది. నేను పెట్టెల్ని చూస్తూ నా లైన్లు తలుచుకుంటున్నాను. గేటుకు ఇవతల ఒక సెన్సర్, అవతల ఒక సెన్సర్. ఇవతలిది మోగితే రైలు వచ్చినట్టు, గేటు వేయాలి. చివరి చక్రం అవతలిది దాటితే రైలు పోయినట్టు, గేటు తీయాలి. ఆ తర్వాత కాసేపు అవతలి సెన్సర్ మళ్ళీ మోగితే అది పట్టాల అదురు, పట్టించుకోవద్దు. ఇవే నా లైన్లు. చివరి పెట్టె దాటింది.

"పోయింది," అన్నాం ఇద్దరం.

నా చేయి బ్యాగు మీద ఆగిపోయింది. పోయిందని ఎట్లా తెలుసు? పోయిన రైలు ఆగి, ఏదో అవసరమొచ్చి వెనక్కి వస్తే? అవతలి సెన్సర్ మోగుతుంది. అదురు అనుకుని నా ప్రోగ్రామ్ పట్టించుకోదు. గేటు లేచే ఉంటుంది. ఎనిమిదేళ్ళుగా నేను చూసిన ఏ రైలూ వెనక్కి రాలేదు, అందుకే నాకు తోచలేదు. నాకు తోచకపోయినా ఫర్వాలేదు, ఇంకో బుర్ర ఉంది కదా. ఆ ఇంకో బుర్ర ఎనిమిదేళ్ళుగా ఇదే స్కూటర్ మీద, నా ముందు కూర్చుని, ఇవే రైళ్ళు చూస్తోంది.

ఇప్పుడు నోరు తెరిస్తే మాట తప్పినట్టు. మేడంకు ఇచ్చిన మాట పోతుంది, ఇద్దరిలో ఒకరి పని పోతుంది, బహుశా నాదే. నోరు మూసుకుంటే ఓదెలన్న రాసిన ఒక్క లైనుతో అంతా నీలంగా, చక్కగా ఉంటుంది. శుక్రవారం కమిటీ సంతకాలు పెడుతుంది. ఏదో ఒక ఊళ్ళో ఆ గేటు నిలబడుతుంది, దాని కింది నుంచి ట్రాక్టర్లు పోతుంటాయి.

"ఫణీ, ఈడ రైలు వెనుకకు రాంగ ఎప్పుడన్న చూసినవా?"

"గిన్నెలు నీయే," అని నవ్వబోయి అద్దంలో నా మొహం చూశాడు. నవ్వు ఆగిపోయింది. స్కూటర్ కూడా ఆపేశాడు.

"చూళ్ళేదు," అన్నాడు. వెనక్కి తిరిగి నా వైపు చూసి, చిన్నగా, "నాదాంట్లో కూడా లేదు హిమా" అన్నాడు.

నేను రెండో ముక్క చెప్పలేదు. చెప్పాల్సిన పనే రాలేదు. అదే మా రోగం. గేటు లేచింది, వెనక ఆటోవాళ్ళు "తియ్యరాదు బండి, ఇంట్ల కూసుని మాట్లాడుకోండి" అని అరుస్తున్నారు. ఫణి బండిని పక్కకు నెట్టి, పట్టాల వైపు చూస్తూ నిలబడ్డాడు. పల్లీల పొట్లం అలాగే నలిగిపోయింది ఆయన చేతిలో.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం కలిసి జుబేదా మేడం గదికి వెళ్ళాం. ఒకే తలుపులోంచి మేమిద్దరం రావడం చూసే ఆవిడకు సగం అర్థమైంది. మిగతా సగం పరీక్ష బల్ల దగ్గర చూపించాం. ఆ బల్ల మీద చిన్న పట్టాలు, చిన్న ఇంజను, అరచెయ్యంత గేటు ఉంటాయి. దానికి మా రెండు ప్రోగ్రాములూ తగిలించాం. ఓదెలన్న ఇంజను వదిలాడు. గేటు పడింది, ఇంజను దాటింది, గేటు లేచింది. అప్పుడు మేడం తన కళ్ళజోడు డబ్బా తీసి గేటు కింద దారి మీద పెట్టింది. "వెనుకకు నడుపు" అంది.

ఇంజను వెనక్కి వచ్చింది. తెర మీద ఎ అంది సరే, బి అంది సరే. లేచిన గేటు లేచినట్టే ఉంది. ఇంజను డబ్బాను ఈడ్చుకుంటూ బల్ల చివరిదాకా పోయింది. డబ్బా కింద పడ్డ చప్పుడుకు ఫణి ఉలిక్కిపడ్డాడు.

ఓదెలన్న వంగి డబ్బా తీసిచ్చాడు. "నిన్న నేను రాసిన లైను తీసేస్త మేడం. సమానం వస్తే ఇగ ఏ రంగు వెయ్యది, ఎర్రగ చూపిస్తది" అన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు నా మొహం చూడలేదు. నేనూ రాయమన్నాను కదా, ఇద్దరం సిగ్గుపడ్డాం.

"దీన్ని సరిచేస్తం మేడం," అన్నాను. "రెండు దిక్కులా సరిచేస్తం. ఒక పూట పని."

"ఇది దొరికింది కాబట్టి సరిచేస్తవు," అంది మేడం. "మీ ఇద్దరికీ కలిసి తోచనిది ఇంకోటి ఉంటే? అది ఎవరికి కనబడాలె? ఒకరు ఉండాలె, ఒకరు పోవాలె." కాసేపు కళ్ళు మూసుకుని తెరిచింది. "ఎ గది మొదటిసంది ఫణిది. సీనియర్. హిమజా, నువ్వు..."

"ఎందుకు మేడం?" నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. "సమానం వచ్చినప్పుడు ముందు పేరు ఎవరిదుంటే వాళ్ళకే ఇచ్చుడు, నెమలి చేసింది అదే గదా. దానివల్లనే గదా నా మీద దొంగ అని ముద్ర పడ్డది. మీరు గూడ గదే చేస్తరా?"

మేడం కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టింది. ఓదెలన్న గోడ వైపు తిరిగాడు. ఫణి మాత్రం ఆ బుల్లి గేటును వేలితో కిందికి దించి, మళ్ళీ వదిలి, నెమ్మదిగా అన్నాడు.

"ముందు పేరు నాదే కదండీ. ముందు నేనే పోతాను."

నేను గెలిచాను. గెలిచిన మనిషిలా సంతోషించాల్సింది. గేటు కోసమే బతికిన మనిషి, పెదనాన్న పోయిన పట్టాల మీద ఇంకెవరూ పోకూడదని ఇంత దూరం వచ్చిన మనిషి, బస్సులో ముసలాయనకు సీటు ఇచ్చినంత మామూలుగా లేచి నిలబడ్డాడు. అందరి ముందూ భోరున ఏడ్చాను. మేడం నా తల నిమురుతూ, "చాల్లే బేటా, చాల్లే" అంటూ తను కూడా కొంగు కళ్ళకు అద్దుకుంది.

ఫణిని రైళ్ళ రాకపోకల ప్రకటనల విభాగానికి వేశారు. రైలు ఆలస్యమైతే ఆ మాట జనానికి సమయానికి చెప్పే పని. ఎ గదికి శ్రీకాకుళం వైపు నుంచి దమయంతి అనే ఆవిడ వచ్చింది. ఆవిడ చేతిరంగు నారింజ. నా నీలానికీ ఆమె నారింజకూ ఎక్కడా సమానం రాలేదు. ఆవిడ వాళ్ళ ఊరి జంక్షన్‌లో ఇంజన్లు ముందుకూ వెనక్కీ తిరగడం చూస్తూ పెరిగిందట, అది కూడా నేను ఓదెలన్న ద్వారా విన్నదే. మేం ఇద్దరం మాట్లాడుకోం.

ఒక పని మిగిలింది. గేటు పనిలో లేని మనిషి చేతిరంగు నెమలిలో ఉంచకూడదు. ఓదెలన్న నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"బావ రంగు తీసెయ్యాలె చెల్లె. నువ్వు చూస్తుండంగ తీస్తే బాగుంటదని వచ్చిన."

"తీసెయ్యి."

ఒక మీట నొక్కాడు. నా ఫైలు తెరిచాను. రైలు దాటిందని తేల్చే చోట మొత్తం కొత్తగా రాశాను కాబట్టి అది నాదే. కానీ మిగతా ఫైలులో అక్కడక్కడా, పెద్ద ప్రమాదం లేని చోట్ల, ఎర్రగా వెలిగిన సమానం లైన్లు కొన్ని ఉండేవి. అవన్నీ ఇప్పుడు నీలంగా మారిపోయాయి. మూసి తెరిచినా నీలమే. వాటి మీద పోటీకి ఇంకో రంగు లేదు మరి. వాటిలో సగం ఎవరివో నాకు తెలుసు, నెమలికి ఇక తెలియదు. ఓదెలన్న సోమవారం నా పేరున రాసుకున్న ఫిర్యాదు తెరిచి, 'రంగుల తేడా తీరింది' అని రాసి మూసేశాడు.

ఆ సాయంత్రం ఇల్లు చేరాక ఫణి పప్పు కడుగుతూ అడిగాడు.

"ఇయ్యాల ఏం రాశావు?"

ఎనిమిదేళ్ళలో ఆ మాట అడగడం అదే మొదలు. ఇప్పుడు అడగొచ్చు, తనకు గేటుతో సంబంధం లేదు. నాకే నోరు అలవాటు తప్పింది. తర్వాత నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాను. అవతలి సెన్సర్ మళ్ళీ మోగితే అదురు అనుకోకుండా ముందు గేటు వేసేయాలని, ఆ తర్వాతే అదురా రైలా అని తేల్చుకోవాలని, అనుమానం ఉన్నంతసేపూ గేటు కిందే ఉండాలని. గాలిలో చేత్తో పట్టాలు గీస్తూ చెప్పాను. ఫణి పప్పు నీళ్ళలో చేతులు పెట్టి అలాగే వింటున్నాడు. కళ్ళు మెరుస్తున్నాయి. నేను ఆపాక పప్పు నీళ్ళు వంపేశాడు.

"నేనైనా అట్టాగే రాసేవాణ్ణి," అన్నాడు.

నాకు తెలుసు. గేటు మాట ఇద్దరం అన్నాం కాబట్టి ఆ పూట గిన్నెలు ఇద్దరం తోమాం.